గిల్టు గాజులూ – బంగారు కుక్కా

మొన్న సంక్రాంతికి మా ఇంట్లోకి ఓ బంగారు కుక్క వచ్చింది. కంగారు పడకండి. పిడికిట్లో పట్టేంత బొమ్మ. మా ఆడపడుచు కొడుకు అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చినప్పుడల్లా అందరికీ చాక్లెట్లూ, సెంటు సీసాలూ పంచేవాడు. ఈసారి వాళ్ళ మావయ్యకి మాత్రం ప్రత్యేకంగా ఈ బొమ్మ తెచ్చాడు. కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకోవడానికట! మూతి నొక్కేసినట్టుంది. ఛాతీ ముందుకు పొడుచుకొచ్చింది. నాలుగు కాళ్ళూ నేలలో పాతేసినట్టు నిలబడి, ఎవరొస్తారో రమ్మనమన్నట్టు చూస్తోంది. బుల్‌డాగ్ అనే జాతి కుక్క అది.

"ఇంతకంటే అందమైన కుక్క దొరకలేదుట్రా మీ అమెరికాలో?" అన్నాను.

వాడు నవ్వి ఊరుకున్నాడు. ఈలోగా మా అత్తయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుని, బొమ్మని అటూ ఇటూ తిప్పి, అరచేతిలో బరువు చూసి, పసుప్పచ్చగా మెరిసే దేన్ని చూసినా మన పెద్దవాళ్ళు అడిగే మొట్టమొదటి ప్రశ్న అడగనే అడిగారు.

"బంగారమేనట్రా ఇది?"

"కాదమ్మమ్మా, పూత."

"పూతేనా! ఈ మాత్రం దానికి సముద్రాలు దాటించి మోసుకొచ్చావా నాయనా?"

"పూతే గానీ అమ్మమ్మా, దీనికో అర్థం ఉంది. మాక్ అని అక్కడో పెద్ద ట్రక్కుల కంపెనీ ఉంది. వాళ్ళ ప్రతి బండికీ బానెట్ మీద ఈ కుక్క నిలబడి ఉంటుంది. ఇంజనూ, గేర్ బాక్సూ, ఇరుసులూ అన్నీ వాళ్ళ సొంతానివే అయితే బంగారు రంగు కుక్క. వాటిలో ఏదైనా బయటి కంపెనీ నించి తెచ్చి బిగించారనుకో, తెల్లగా మెరిసే క్రోమియం కుక్క. రోడ్డు మీద ఎదురొచ్చే బండి కుక్కని చూస్తే చాలు, లోపల ఏముందో చెప్పెయ్యొచ్చు."

మా అత్తయ్యగారికి ఇదేమంత ఘనంగా తోచలేదు. "అయితే ఆ తెల్లకుక్క తెచ్చినా ఇంతేగా ఖరీదు!" అంటూ బొమ్మని మావారి బల్లమీద పెట్టేశారు. అక్కడితో ఆ ప్రసక్తి అయిపోవలసిందే. కానీ నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. బయటికి మెరిసేది లోపలి నిజం చెప్పి తీరాలా? ఇది నాదీ, ఇది నాది కాదూ అని నలుగురి ఎదుటా ఒప్పుకోవడం అంత అవసరమా? ఈ ప్రశ్నలు కుక్క గురించినవి కావని మీకీ పాటికి తెలిసిపోయే ఉంటుంది. అసలు సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ కుక్క కథ చెప్పనివ్వండి. తెలుసుకున్నకొద్దీ అది నాకు ఎంతో దగ్గరిదైపోయింది.

మాక్ అన్నది ఇంటిపేరు. జాక్, అగస్టస్ అనే ఇద్దరన్నదమ్ములు న్యూయార్క్ మహానగరంలోని బ్రూక్లిన్‌లో గుర్రబ్బళ్ళు తయారుచేసే దుకాణం ఒకటి 1893లో కొనుక్కున్నారు. 1900లో ఇరవైమంది ఎక్కగలిగే మోటారు బస్సు తయారుచేశారు. 1905లో పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కి మకాం మార్చారు. వ్యాపారం పెరిగింది. పెరిగిన వ్యాపారానికి పెట్టుబడి కావాలి, పెట్టుబడి పెట్టేవాళ్ళకి పెత్తనం కావాలి. ఇది మనకి తెలియని కథేం కాదు. 1911లో వాళ్ళ కంపెనీ మరో పెద్ద సంస్థలో కలిసిపోయింది. కొద్దికాలానికే జాక్ మాక్ బయటికి వచ్చేశాడు. పేరు వాళ్ళది, ఇల్లు మాత్రం ఇంకొకళ్ళది అయింది.

1916లో ఆ కంపెనీ 'ఏసీ' అనే లారీని బయటికి తీసింది. దాన్ని రూపొందించిన ఎడ్వర్డ్ హ్యూయిట్ కూడా మాక్ ఇంటివాడు కాదు. అతనికి వేరే మోటారు కంపెనీ ఉండేది. 1912లో దాన్నీ ఈ సంస్థలో కలిపేసుకున్నప్పుడు దాంతోపాటు వచ్చినవాడే. ఈ లారీకి రేడియేటర్ ముందు కాక ఇంజను వెనకాల ఉండేది. అంచేత ముందువైపు జాలీ లేదు, బానెట్ కిందికి వాలిపోయి, ముక్కు చప్పిడిగా ఉండేది. సైకిలుకున్నట్టు గొలుసుతో వెనక చక్రాలు తిరిగేవి. చూడ్డానికి మొరటుగా ఉన్నా ఎంత బురదలోనైనా దిగబడకుండా బరువు లాక్కొచ్చేదిట. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ లారీలు వేల సంఖ్యలో ఫ్రాన్సుకి వెళ్ళాయి. అక్కడ వీటి చప్పిడి ముక్కూ, మొండిపట్టూ చూసి బ్రిటిష్ సైనికులు బుల్‌డాగ్ అని పిలవడం మొదలుపెట్టారని చెప్పుకుంటారు. ఏసీ లారీ ఇరవై ఏళ్ళకి పైగా తయారయింది. మొత్తం 40,000 దాకా చేశారు.

చూశారా, ఆ పేరు పెట్టింది కంపెనీ కాదు. కంపెనీవాళ్ళు కూర్చుని ఆలోచించి ఉంటే సింహమనో గరుడపక్షి అనో పెట్టుకునేవారు కాబోలు! పరాయి దేశపు సైనికులు, యుద్ధభూమిలో, సగం మెప్పుగా సగం వేళాకోళంగా అన్నమాట అది. మన ఊళ్ళో పొట్టివాణ్ణి 'బుడంకాయ' అంటే అదే వాడి పేరై కూర్చున్నట్టు! తెలివైనవాడు ఆ వేళాకోళాన్ని కోపగించుకోకుండా చొక్కాకి తగిలించుకుంటాడు. మాక్ కంపెనీ అదే చేసింది. 1921లో రేకుమీద బుల్‌డాగ్ బొమ్మ అచ్చొత్తించి లారీ కాబిన్‌కి రెండు పక్కలా బిగించింది. ఆ బొమ్మలో కుక్క ఓ పుస్తకాన్ని పరపరా నమిలేస్తూ ఉంటుంది. పుస్తకం పేరు 'మోత ఖర్చులు'! మా లారీ కొంటే మీ ఖర్చుల పద్దు నమిలి పారేస్తుందని దాని భావం. నెలాఖరున మా పాల పద్దునీ కిరాణా పద్దునీ అప్పగించడానికి అలాంటి కుక్క ఒకటి దొరికితే బాగుండునని నాకూ అనిపించింది. 1922లో బుల్‌డాగ్ ఆ కంపెనీ అధికారిక చిహ్నమైపోయింది.

అయితే అది ఇంకా రేకు మీద బొమ్మే. బానెట్ మీదికెక్కి నిలబడ్డ విగ్రహం కావడానికి మరో పదేళ్ళు పట్టింది. అది జరిగిన తీరు నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఆల్‌ఫ్రెడ్ ఫెలోస్ మాసురీ అని ఆ కంపెనీకి ఛీఫ్ ఇంజనీరు. ఏసీ లారీకి ఆ వాలు బానెట్ అమర్చిన ఘనత ఇతనిదే. 1932లో అతనికి ఆపరేషన్ చేయవలసివచ్చి ఆసుపత్రిలో చేరాడు. మగవాళ్ళు మంచమెక్కితే ఇల్లు ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? కిటికీ తియ్యమంటారు, తీస్తే వెయ్యమంటారు, పేపరేదంటారు, కాఫీ చల్లారిందంటారు. ఈయన మాత్రం పడుకున్న చోటే కాలక్షేపానికి ఓ కుక్కబొమ్మ చెక్కడం మొదలుపెట్టాడు. ఎవరూ చెయ్యమనలేదు. ఆఫీసు పని కాదు. ఊరికే ఉండలేని చేతులు చేసిన పని. బాలింతరాలిగా మంచంమీద కూర్చుని మన అమ్మమ్మలు గోనెగుడ్డ మీద చిలకల్ని కుట్టలేదూ? అలాంటిదే. బొమ్మ కుదిరింది. అదే ఏడు ఆ రూపానికి పేటెంటు కూడా పొందాడు. ఆనాటి నించి మాక్ బళ్ళ ముందు నిలబడుతున్నది ఆ కుక్కే.

మరుసటి ఏడు, 1933 ఏప్రిల్ 4వ తేదీన, అమెరికా నౌకాదళంవారి 'ఆక్రన్' అనే గాలి ఓడ తుఫానులో చిక్కుకుని న్యూజెర్సీ తీరానికి దూరంగా సముద్రంలో కూలిపోయింది. అందులో 76 మంది ఉంటే ప్రాణాలతో బయటపడినవాళ్ళు ముగ్గురే. పోయిన 73 మందిలో మాసురీ ఒకడు. అతిథిగా ఎక్కాడు పాపం. తను చెక్కిన కుక్క బళ్ళమీదికెక్కి ఏడాది నిండిందో లేదో! ఇంజనీరుగా జీవితమంతా అతను వేసిన నక్షాలూ, కట్టిన లెక్కలూ ఎవరికి గుర్తున్నాయి? ఆసుపత్రి మంచంమీద తోచక చెక్కిన కుక్క మాత్రం ఇప్పటికీ పరుగెడుతోంది. మనవాటిలో ఏది మిగులుతుందో నిర్ణయించేది మనం కాదు సుమా!

అసలు బండి ముందు బొమ్మ ఎందుకు? ఆ రోజుల్లో రేడియేటర్‌లో నీళ్ళు పోసే మూత బయటికే కనిపిస్తూ ఉండేది. తాళంకప్పలాంటి ఆ మూతని ముస్తాబు చెయ్యడంతో మొదలైంది ఈ ఆచారం. తర్వాత మూత లోపలికి వెళ్ళిపోయింది, ముస్తాబు మాత్రం బయట మిగిలింది. మన లారీలకి బొమ్మలుండవు గానీ, నిమ్మకాయా మిరపకాయలూ ఉంటాయి. ముందు ఏదో ఒకటి కట్టందే బండి రోడ్డెక్కించడానికి మనిషికి మనసొప్పదు.

ఇలాంటి బొమ్మల్లో లోకప్రసిద్ధమైనది రోల్స్ రాయిస్ కారు మీద గాలికి కొంగు రెపరెపలాడిస్తూ ముందుకి వాలే స్త్రీమూర్తి. 1911 నించీ ఉంది. చార్లెస్ సైక్స్ అనే శిల్పి చేశాడు. ఆమెకి నమూనా ఎలినార్ థార్న్‌టన్ అని లార్డ్ మాంటేగ్ అనే పెద్దమనిషి దగ్గర కార్యదర్శిగా పనిచేసిన స్త్రీ అని చెబుతారు. అంతకు ముందే సైక్స్ మాంటేగ్ కారుకోసం ఇంకో బొమ్మ చేసిపెట్టాడు. అందులో స్త్రీ పెదవుల మీద వేలుంచుకుని ఉంటుంది. దాని పేరు 'గుసగుస'. పెళ్ళయిన ఆ ప్రభువుకీ, ఆవిడకీ మధ్యనున్న అనుబంధం బయటికి చెప్పుకోకూడనిది మరి! 1915 డిసెంబర్ 30న మధ్యధరా సముద్రంలో 'పర్షియా' అనే ఓడని శత్రువులు ముంచేసినప్పుడు ఆవిడ మునిగిపోయింది. అదే ఓడలో ఉన్న ఆయన బతికి బయటపడ్డాడు.

ఈ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు ఆలోచించాను. ఒకటి ఎంతో అందమైనది, కానీ పెదవులమీద వేలుంచుకుంది. రెండోది కురూపి, కానీ తన పొట్టలో ఉన్నదేమిటో దారినపోయే వాళ్ళందరికీ చెబుతోంది. మన సంసారాల్లో ఎక్కువగా ఉండేది ఏ బొమ్మ? నిజం చెప్పుకుందాం, మొదటిదే.

ఇహ నా సంగతికి వస్తాను.

నాకు పధ్నాలుగేళ్ళప్పుడు మా అక్కయ్య పెళ్ళి జరిగింది. మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారు స్కూలు మాస్టరు. పెళ్ళి రెండు వారాలుందనగా డబ్బు చాలలేదు. అమ్మ తన చేతి గాజులు నాలుగూ తీసి పళ్ళెంలో పెట్టి నాన్నగారి ముందుంచింది. అమ్మమ్మ అమ్మకి పెట్టిన గాజులవి, ఆరు కాసులు. నాన్నగారు కాదనీ అనలేక, తీసుకోనూ లేక చాలాసేపు అలాగే కూర్చున్నారు. మర్నాడు అవి బ్యాంకులో తాకట్టుకి వెళ్ళాయి. పెళ్ళినాటికి అమ్మ చేతులకి అచ్చం అలాంటివే గిల్టు గాజులు నాలుగు వచ్చాయి. ఈ సంగతి అమ్మకీ, నాన్నగారికీ, తలుపుచాటు నించి చూసిన నాకూ తప్ప ఎవరికీ తెలీదు. అక్కయ్యకి కూడా.

పెళ్ళి పందిట్లో భోజనాలప్పుడు వియ్యపురాలి అక్కగారు అమ్మ చెయ్యి పట్టుకుని, గాజులు నిమిరి, "పనితనం బావుంది వదినగారూ, ఎన్ని కాసులేమిటి?" అని అడిగింది. అమ్మ చెయ్యి మెల్లిగా వెనక్కి తీసుకుంటూ, నవ్వుతూ, "ఆరండీ" అంది. ఆ పక్కనే నేను నెయ్యి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్నాను. అబద్ధం ఆడకూడదని మాకు చెంపమీద కొట్టి నేర్పిన అమ్మ, అలా తడుముకోకుండా అబద్ధం ఆడడం నేను మొట్టమొదటిసారి చూశాను. నెయ్యి ఎవరికి ఎంత వడ్డించానో నాకు తెలీదు.

అది తప్పేనా? పధ్నాలుగో ఏట తప్పేననుకున్నాను. పెళ్ళి చేసుకుని నా సంసారం నేను నడుపుకునేటప్పుడు కాదనుకున్నాను. ఆవిడ "గిల్టువండీ" అని ఉంటే మా అక్కయ్య అత్తవారింట్లో అడుగుపెట్టకముందే దానికో మెట్టు తక్కువ పీట వేసి ఉండేవారు. ఆ 'ఆరు' అన్నమాట అమ్మ తన గొప్పకోసం ఆడలేదు. కూతురి మర్యాదకి అడ్డుగా పెట్టిన చెయ్యి అది. బంగారు కుక్క కథ విన్నాక మళ్ళీ ఆ ప్రశ్నే లేచి కూర్చుంది. తెల్లకుక్క బండికి బంగారు కుక్కని తగిలించినట్టు కాదూ?

అయితే ఆ బంగారు కుక్కే నూటికి నూరుపాళ్ళూ నిజం చెబుతోందా అని కూడా ఆలోచించాను. వకీలు బుద్ధి పుట్టిందనుకోండి! 'అన్నీ మా సొంతం' అంటోంది ఆ కుక్క. సొంతమంటే ఏమిటి? పేరు మాక్ సోదరులది, వాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారు. కుక్క అన్న పేరు బ్రిటిష్ సైనికులు పెట్టింది. ఆ పేరు తెచ్చిన లారీ, వేరే కంపెనీ నించి వచ్చిన హ్యూయిట్ చేసింది. పోనీ ఇప్పుడో? 1990 నాటికి కంపెనీ ఫ్రాన్సువారి రెనో చేతికి వెళ్ళింది. 2000లో స్వీడన్‌కి చెందిన వోల్వో కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2009లో ప్రధాన కార్యాలయం అలెన్‌టౌన్ వదిలి నార్త్ కరొలైనా రాష్ట్రంలో గ్రీన్స్‌బరో ఊరికి వెళ్ళిపోయింది. ఈనాడు మాక్ ఇంజన్లని పిలిచేవాటిలో ముఖ్యమైనవి వోల్వో ఇంజన్లతో పాటు ఒకే మూలం నించి రూపొందినవి. మేరీలాండ్‌లో హేగర్స్‌టౌన్ కర్మాగారంలో రెంటినీ చేస్తారు. అయినా ఆ ఇంజను బిగించిన బండికి బంగారు కుక్కే!

మోసమంటారా? మనం ఆడవాళ్ళం, ఈ మాట అంత తొందరగా అనలేం. పాతికేళ్ళు పుట్టింట పెరిగి, ఇంటిపేరు మార్చుకుని, మెట్టినింటి దేవుడికి దణ్ణం పెట్టి, ఇంకొకరు వేసిన కరివేప చెట్టుకి నీళ్ళు పోసి, ఏ ముహూర్తాన్నో 'మా ఇల్లు' అన్న మాట మన నోటివెంట వస్తుంది. ఆ క్షణాన అది అబద్ధమా? మా అత్తయ్యగారి చేతి గోంగూర పచ్చడి నేను నేర్చుకున్నాను. మా అమ్మాయి వెళ్ళి హాస్టల్లో 'మా అమ్మ పచ్చడి' అని పంచిపెడుతుంది. అదీ అబద్ధమేనా? పుట్టుక చూసి ఇది సొంతం, అది పరాయి అని గీత గీస్తే మన దగ్గర మిగిలేది చాలా కొంచెం.

మరి ఆ రంగుల తేడాకి అర్థం ఏమిటి? నాకు తోచిందిది. దారి మధ్యలో బండి ఆగిపోయిందనుకోండి. ముందు బంగారు కుక్క ఉంటే డ్రైవరు ఒక్క గుమ్మమే తట్టాలి. ఇంజను పోయినా, గేర్ బాక్సు పోయినా, ఇరుసు విరిగినా మాదే పూచీ అని చెప్పేవాళ్ళు ఒక్కరే. తెల్లకుక్క ఉంటే ఒకోదానికి ఒకో గుమ్మం. కమ్మిన్స్ వారి ఇంజను పెట్టిన మాక్ బళ్ళు కూడా ఉండేవి. అవీ మంచి బళ్ళే, బరువులు మోశాయి, కొండలెక్కాయి. తెల్లకుక్క నామోషీ ఏమీ కాదు. 'ఇందులో ఇంకొకరి చెయ్యి ఉంది, వారినీ తలుచుకోండి' అని చెప్పడం అది. అంచేత సొంతం అంటే ఎక్కడ పుట్టిందన్నది కాదు, దానికి జవాబు చెప్పేదెవరన్నది. అరువు తెచ్చుకోవడం తప్పు కాదు. తెచ్చి, ఇచ్చినవారి పేరు నొక్కెయ్యడం తప్పు.

ఇలా తేల్చుకునేసరికి అమ్మ సంగతి తేలికైపోయింది. పీకలమీదికి వచ్చింది నా సంగతే.

ఎనిమిదేళ్ళ క్రితం నేనో నవల రాశాను. సీరియల్‌గా వచ్చి, పుస్తకమై, రెండు ముద్రణలు పొందింది. అందులో పెళ్ళి పందిట్లో గిల్టు గాజుల ఘట్టం ఉంది. ఆ నవలకి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆ ఘట్టం గురించే. "ఎలా ఊహించారండీ, కళ్ళనీళ్ళు ఆగలేదు" అని రాసేవారు. ఓ సభలో ఒకావిడ ఇదే అడిగింది. నేను సిగ్గుపడుతున్నట్టు తల వంచుకుని "ఏదో, రాస్తూంటే అలా తట్టిందండీ" అన్నాను. చప్పట్లు కొట్టారు. పుస్తకం మొదటి పేజీలో 'ఇందులోని పాత్రలూ సంఘటనలూ కేవలం కల్పితాలు' అని ఎలాగూ ఉండనే ఉంది. అమ్మ బతుకులో అతి బాధాకరమైన క్షణాన్ని తెచ్చి నా బండికి బిగించుకుని, ముందు మాత్రం బంగారు కుక్కని నిలబెట్టాను.

అమ్మ ఆ నవల చదివింది. భూతద్దం పెట్టుకుని పేజీ పేజీ చదివింది. నేను గుండె చేత్తో పట్టుకుని కూర్చున్నాను. చివరికి అంది కదా, "బావుందే. కాకపోతే నీ కథలో ఆవిడ ఎనిమిది కాసులంటుందేం?" ఎవరూ పోల్చుకోకుండా ఆరుని ఎనిమిది చేశాను మరి! "పోన్లే, రెండు కాసులు పెరిగాయి" అని నవ్వి లేచిపోయింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

నా దగ్గర ఓ సాకు ఉండేది. నిజం చెబితే అమ్మ అబద్ధం బయటపడుతుంది కదా, అక్కయ్య అత్తవారికి తెలిసిపోతుంది కదా అని. అమ్మ మర్యాద కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నా పేరు కాపాడుకోవడానికి అదెంత అనువుగా ఉందో అన్నాళ్ళూ చూడదలుచుకోలేదు.

ఈమధ్య ఆ నవల మూడో ముద్రణకి వెళుతోంది, ముందు పేజీల్లో ఏమైనా మార్పులుంటే పంపమని ప్రచురణకర్త అడిగారు. మావారి బల్లమీద ఆ కుక్క మూతి ముడుచుకుని నావంకే చూస్తోంది. మర్నాడు అమ్మకి ఫోను చేశాను. కుక్క కథంతా చెప్పాను. ఊ కొడుతూ వింది. ఆసుపత్రిలో బొమ్మ చెక్కినాయన సముద్రంలో పోయాడంటే "అయ్యో!" అంది. ఆఖరికి గొంతు పెగల్చుకుని, "అమ్మా, ఆ గాజుల కథ నీదని పుస్తకంలో వెయ్యనా? అక్కయ్య అత్తగారికి తెలిస్తే..." అన్నాను.

"ఆవిడకెందుకు తెలీదే? నేనే చెప్పాను" అంది అమ్మ.

"ఎప్పుడు?"

"గాజులు విడిపించుకున్న రోజున. పెళ్ళయిన మూడో ఏడు. అవి తొడుక్కునే వాళ్ళింటికి వెళ్ళాను. వదినగారూ, ఆ రోజు పందిట్లో ఉన్నవి ఇవి కావండీ, గిల్టువి, మీ అక్కగారితో అబద్ధం చెప్పాను, అని చెప్పేశాను."

"ఆవిడేమంది?"

"ఏమంటుంది! నవ్వి, మా అక్కకి మాత్రం చెప్పకండి అంది. కాఫీ ఇచ్చింది."

నాకు నోట మాట రాలేదు. అబద్ధం ఆడవలసిన అవసరం తీరిన రోజునే అమ్మ ఆ కుక్కని దింపి దాని చోట తెల్లదాన్ని పెట్టేసుకుంది, ఎవరూ అడక్కుండానే. అప్పు తీరేదాకా మోసింది, తీరగానే దించేసింది. ఆవిడ మూడేళ్ళలో చేసిన పని నాకు ఎనిమిదేళ్ళయినా చేతకాలేదు. నేను కాపాడుతున్నాననుకున్న మర్యాదకి నా కాపలా అవసరమే లేదు.

"నువ్వు ఇన్నాళ్ళూ దీన్ని మోస్తున్నావుటే పిచ్చిదానా?" అంది అమ్మ.

ఆ సాయంత్రమే కాగితం తీసి, ముందు పేజీకి ఒక్క వాక్యం రాశాను. 'ఇందులోని గాజుల కథ నా ఊహ కాదు, మా అమ్మ బతుకు.' ఎగిరిపోకుండా దానిమీద కుక్కని పెట్టాను. పంపే ముందు అమ్మకి ఫోనులో చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. ఏడుస్తోందేమోననుకున్నాను.

"సరే గానీ, లోపల కూడా దిద్దావా?" అంది.

"ఏమిటి?"

"కాసులు. ఆరే అని వెయ్యి."